పెద్దాయన్ని ఎందుకడిగింది

అక్క ఫోన్ చేసి, పెద్దాయన్ని తనకి ఇమ్మంది.

పెద్దాయన అంటే కుక్క. చెల్లెలు వీధికుక్కల్ని చేరదీసి ఉంచిన లారీ షెడ్డులో అన్నిటిలోకీ వయసులో పెద్దది కాబట్టి ఆ పేరు పెట్టారు. వెనక కాళ్ళు పడిపోయాయి. మూత్రపిండాలు పనిచేయడం లేదని డాక్టరు చెప్పాడు. మనిషి దగ్గరుండి పక్క మార్చకపోతే ఒంటికి పుళ్ళు పడుతున్నాయి. ఆ కుక్కని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

చెల్లెలు ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంది. "ఏ కుక్కని?"

"అదే, మూల పడుకుని ఉంటుందే, ముసలిది."

"మూల పడుకుంటుందని నీకెలా తెలుసు?"

అక్క మాట ఆగింది. "నువ్వే చెప్పావుగా."

తను చెప్పినట్టు చెల్లెలికి గుర్తు లేదు. అక్క షెడ్డుకి వచ్చింది ఒక్కసారి, ప్రారంభించిన రోజున. అప్పటికి పెద్దాయన అక్కడ లేడు.

చెల్లెలు బీమా కంపెనీకి వాహనాల సర్వేయరు. గుద్దుకున్న కారుని చూసి, యజమాని చెప్పిన కథకీ బండి మీద సొట్టకీ పొంతన కుదిరిందో లేదో తేల్చడం ఆమె పని. ఆఫీసులో ఆమెను వెనకాల 'అనుమానం మేడమ్' అంటారు. ఎదురుగా కూడా ఒకరిద్దరు అన్నారు. ఆమె ఏమీ అనుకోలేదు.

"ఇల్లు చూడాలి," అంది అక్కతో.

"నా ఇల్లు నువ్వు కొత్తగా చూసేదేముందే?"

"ఎవరికైనా అంతే."

"సరే, వచ్చి చూసుకో. తొందరగా రా," అని అక్క ఫోన్ పెట్టేసింది.

తొందరగా అన్న మాట సర్వేయరుకి నచ్చలేదు. ఆమె ఉద్యోగంలో తొందరపడేవాళ్ళందరికీ ఏదో ఒక కారణం ఉండేది. ఆ కారణం వాళ్ళు ముందుగా చెప్పేది కాదు.

ఆ షెడ్డులో కుక్కల్ని చేరదీయడం మొదలుపెట్టింది గొణుగుడు పోయాక. గొణుగుడు ఆమె కుక్క. మొరిగేది కాదు. తలుపు దగ్గరికి ఎవరైనా వస్తే, మధ్యాహ్నం నిద్రలోంచి లేపిన ముసలాయనలా గొంతులోనే ఏదో సణుక్కునేది. సర్వేయరు లైసెన్సు పరీక్ష కోసం ఆమె వేరే ఊరు వెళ్ళాల్సి వచ్చి, దాన్ని అక్క ఇంట్లో వదిలింది. తిరిగి వచ్చేసరికి పెరటి గోడ పక్కన పూడ్చిపెట్టేశారు. "రాత్రి తిని పడుకుంది, పొద్దున లేవలేదు. నిద్రలోనే పోయింది," అని అక్క చెప్పింది. సర్వేయరు శవాన్ని చూడలేదు.

చూడనిదాన్ని ఆమె నమ్మదు. బావ అద్దంలో చూడకుండా కారు వెనక్కి తీస్తాడని ఇంట్లో అందరికీ తెలుసు. తరవాతసారి వెళ్ళినప్పుడు, చెప్పు తెగినట్టు వంగి కారు కింద చూసింది. ఏమీ దొరకలేదు. కడిగించి ఉండొచ్చు అనుకుంది. అక్కని మాత్రం అడగలేదు. అక్క మాటని ఆమె పూర్తిగా నమ్మనూ లేదు, వదలనూ లేదు. కొన్ని రోజులు నిద్రలో పోయిందనుకుంటే మనసుకి కుదురుగా ఉండేది. కొన్ని రోజులు కారు గుర్తొచ్చేది.

మూతపడిన లారీ షెడ్డు అద్దెకి తీసుకుంది. ఎదురింటి టైలరమ్మ తోడొచ్చింది. షెడ్డు బయట బోర్డు పెట్టించారు: గొణుగుడు జ్ఞాపకార్థం, నిద్రలో కన్నుమూసిన ఒక కుక్క పేరు మీద, రోడ్డున పడ్డ కుక్కల కోసం. బోర్డు పెట్టిన వారంలోనే జంతువుల ఆసుపత్రి కాంపౌండరు తనంతట తనే వచ్చి, డ్యూటీ అయ్యాక మందులు వేసి కట్లు కడతానన్నాడు. జీతం అక్కర్లేదన్నాడు. సర్వేయరు ఆసుపత్రికి ఫోన్ చేసి, అలాంటి మనిషి ఉన్నాడో లేడో కనుక్కున్నాక ఒప్పుకుంది.

రెండు నియమాలు పెట్టుకున్నారు. ఇద్దరు వెళ్ళి ఇల్లు చూడందే కుక్కని ఎవరికీ ఇవ్వకూడదు. షెడ్డులో ఏ కుక్కకీ ప్రాణం తీసే సూది వేయకూడదు. రెండోది సర్వేయరు పట్టుబట్టి పెట్టించింది. కాంపౌండరు ఆ రోజు ఏదో అనబోయి మానేశాడు.

ఫోన్ వచ్చిన సాయంత్రం ఆమె షెడ్డుకి వెళ్ళేసరికి టైలరమ్మ పాత దుప్పట్లు కత్తిరిస్తోంది. కాంపౌండరు మూల కూర్చుని పెద్దాయన నోటికి తడిగుడ్డ అందిస్తున్నాడు. పెద్దాయన గుడ్డని నాకలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"పొద్దుటి నుంచి నీళ్ళు కూడా ముట్టలేదు మేడమ్," అన్నాడు కాంపౌండరు. "డాక్టరుగారు ఇవాళ కూడా అదే అన్నారు."

"నాకు తెలుసు ఆయనేమంటారో. ఆయుష్షు ఉన్నన్నాళ్ళు ఉంటాడు. తరవాత నిద్రలో పోతాడు, గొణుగుడు పోయినట్టు."

కాంపౌండరు తల వంచుకుని గుడ్డ పిండాడు.

"మా అక్క పెద్దాయన్ని అడిగింది," అంది సర్వేయరు.

టైలరమ్మ కత్తెర ఆపింది. "మీ అక్కా? సోఫా మీద వెంట్రుక కనిపిస్తే మీ బావ ఇల్లు తలకిందులు చేస్తాడన్నావే?"

"అందుకే చెప్తున్నా."

"మంచిదేగా మేడమ్," అన్నాడు కాంపౌండరు. "అడిగినవాళ్ళకి ఇచ్చేద్దాం. సొంత అక్కగారేగా, ఇల్లు చూడటం దేనికి?"

సర్వేయరు అతని వంక చూసింది. ఇన్నాళ్ళలో అతను ఏ ఇంటి గురించీ అంత త్వరగా మంచిమాట చెప్పలేదు. పెరట్లో మొక్కలకి పురుగుమందు కొట్టారని ఒక ఇంటిని, గోడ పొట్టిగా ఉందని ఒక ఇంటిని కాదన్న మనిషి.

"చూడాల్సిందే. రేపు మీరు రండి నాతో."

"నేనా? టైలరమ్మ వస్తుందిగా ఎప్పుడూ."

"నాకు స్కూలు యూనిఫాంలు నెత్తి మీదున్నాయి నాయనా," అంది టైలరమ్మ. "అయినా ఈ అమ్మాయితో ఇళ్ళ చుట్టూ తిరగడం నా వల్ల కాదు. పోలీసులు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. పోయిన నెల ఆ పంతులుగారిని, మీకు కోపం వస్తే ఏ చేత్తో కొడతారని అడిగింది. ఆయన ఎడమచేతి వాటం. ఏం చెప్పాలో తెలీక చెయ్యి వెనక దాచుకున్నాడు."

"రేపు నాకు కొంచెం పనుంది," అన్నాడు కాంపౌండరు.

"ఏం పని?"

అతనికి వెంటనే పని దొరకలేదు. "సరే, వస్తాలెండి," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ అక్క ఇంటికి వెళ్ళారు. గేటు దగ్గర బావ కారు తుడుస్తున్నాడు.

"ఏం మరదలా, చుట్టంగా వచ్చావా, తనిఖీకి వచ్చావా?"

"తనిఖీకే బావా."

"అయితే కారు కింద కూడా చూసుకో. ఆ రోజు చీకట్లో సరిగ్గా కనిపించి ఉండదు."

బావ బకెట్‌లో గుడ్డ ముంచి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. అతనికి తెలుసన్న సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మెదపలేదో తెలియలేదు.

అక్క తలుపు తీసి చెల్లెల్ని చూసింది. వెనకున్న మనిషిని చూసి, "ఈయనెవరు?" అంది.

"మా కాంపౌండరు."

"ఓ, రండి, కూర్చోండి," అని అక్క అతని వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళింది. అక్క కొత్తవాళ్ళని అలా వదలదు. ఏ ఊరు, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారని అడిగి కానీ కుర్చీ చూపించదు. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడి పెళ్ళాం పేరు కూడా తెలుసు ఆమెకి.

సర్వేయరు పని మొదలుపెట్టింది.

"ఎక్కడ పడుకోబెడతావు?"

"ఇదిగో, ఇక్కడెక్కడైనా." అక్క హాల్లో ఒక మూల చూపించింది. అక్కడ ఇస్త్రీ బల్ల ఉంది. బల్ల మీద ఇస్త్రీ చేయాల్సిన బట్టలున్నాయి.

"గుమ్మానికి మూడు మెట్లున్నాయి. ఎలా దింపుతావు?"

"మీ బావ ఎత్తుకుంటాడు."

"రాత్రి పక్క ఎవరు మారుస్తారు?"

"నేనే మారుస్తా. ఎన్ని అడుగుతావే?"

"బావకి వెంట్రుకలు పడవుగా."

"సర్దుకుంటాడులే."

ప్రతి ప్రశ్నకీ సమాధానం వచ్చింది. ఒక్కటీ నిలబడేది కాదు. కుక్కని అడగడానికి వచ్చినవాళ్ళు ఎంత తెలియనివాళ్ళయినా ఏం తింటుందని మొదట అడుగుతారు. కొందరు ముందే గిన్నె కొని చూపిస్తారు. అక్క అది ఏం తింటుందో అడగలేదు. ఏ మందు ఎప్పుడు వేయాలో అడగలేదు. ఇంట్లో గిన్నె లేదు, గోనె లేదు. రేపటి గురించి ఆమె దగ్గర ఏమీ లేదు.

"పెరడు చూద్దాం," అంది సర్వేయరు.

పెరట్లో గోడకి ఆనించి తుప్పుపట్టిన కిటికీ చట్రం ఒకటి ఉంది. దాని వెనక కంత ఉందేమో చూడమంది. కాంపౌండరు చట్రాన్ని రెండు చేతులా పట్టి పక్కకి జరిపాడు. కంత లేదు. చేతులకి తుప్పు అంటింది. అతను చేతులు చూసుకుని, స్నానాలగది గోడ మలుపు తిరిగి వెళ్ళాడు. కుళాయి అక్కడుంది. పెరట్లోంచి చూస్తే కనిపించదు.

సర్వేయరు అతని వెనకే వెళ్ళి మలుపులో ఆగింది.

ఆ కుళాయి కొత్తవాళ్ళకి లొంగదు. పిడి విరిగిపోతే బావ ఇంకో పిడిని తలకిందులుగా బిగించాడు. అందరూ తిప్పి తిప్పి విసుగొచ్చి అక్కని కేకేస్తారు. పిడిని పైకెత్తి పట్టుకుని అవతలికి తిప్పితే తప్ప నీళ్ళు రావు. కాంపౌండరు పిడిని పైకెత్తి పట్టుకుని అవతలికి తిప్పాడు. నీళ్ళు వచ్చాయి. చేతులు కడుక్కుని, అలాగే కట్టేశాడు.

వెనక్కి తిరిగితే ఆమె నిలబడి ఉంది.

"ఈ ఇంటికి ముందెప్పుడొచ్చారు?"

"నేనా మేడమ్?"

"కుళాయి ఎవరు నేర్పారు?"

అతను తడిచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. అక్క కూడా మలుపు దగ్గరికి వచ్చింది. ఆమె వైపు చూశాడు.

"ఆయన్ని అడక్కు," అంది అక్క. "నన్నడుగు."

"ఏం అడగాలో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు."

అక్క కుళాయి గట్టు మీద కూర్చుంది. "నిద్రలో పోలేదు అది."

సర్వేయరు గోడకి ఆనుకుంది.

"పొద్దున లేచేసరికి కడుపు డోలులా ఉబ్బింది. కక్కడానికి చూస్తోంది, ఏమీ రావడం లేదు. నిలబడలేదు, పడుకోలేదు. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ముట్టుకోనివ్వలేదు. డాక్టరుగారు ఇంటికి వచ్చారు. ఈయన కూడా వచ్చారు. కడుపు లోపల మెలిపడిందన్నారు. గుండె అసలే బాగాలేదు, కోస్తే బల్ల మీదే పోతుంది, కోయకపోతే సాయంత్రం దాకా ఇలాగే ఉంటుందన్నారు."

"నాకు ఫోన్ చేయలేదు."

"నువ్వు పరీక్ష హాల్లో ఉన్నావు. ముందొకసారి తప్పిన పరీక్షే కదా అది. బయటికి పిలిపించి చెప్తే లోపలికి తిరిగి వెళ్తావా నువ్వు? నేనే సరే అన్నా. సూది వేశారు."

"పరీక్ష అయ్యాక?"

"అయ్యాక నోరు రాలేదు. నిద్రలో పోయిందన్నా. నువ్వు, నొప్పి పడలేదుగా అక్కా, అన్నావు. లేదన్నా. తరవాత ఎలాగోలా చెబుదామనుకునే లోపల నువ్వు దాన్ని బోర్డు మీద రాయించేశావు."

బావ తుడుపుగుడ్డతో పెరటి వైపు వచ్చి, ముగ్గురినీ చూసి ఆగాడు. "చెప్పేశావా?" అని పెళ్ళాన్ని అడిగాడు. ఆమె తలూపింది.

"బావా, నేను కారు కింద చూస్తుంటే మీరు చూశారా?"

"వంటింటి కిటికీ అటే కదా ఉంది."

"అడగొచ్చుగా."

"అడిగితే నేనూ చెప్పాలి. మీ అక్క వద్దంది. పోన్లే, కారేగా అనుకున్నా."

సర్వేయరు కాంపౌండరు వైపు తిరిగింది. "బోర్డు పెట్టిన వారానికి మీరు ఊరికే రాలేదన్నమాట."

"బోర్డు చదివానండీ. అబద్ధమని తెలుసు నాకు. సూది వేసేటప్పుడు ఆ కుక్క కాలు పట్టుకుంది నేనే. ఊరికే ఉండబుద్ధి కాలేదు."

"పెద్దాయన సంగతి?"

ఈసారి అతను తల దించలేదు. "డాక్టరుగారు చెప్పారు, నేను చెప్పాను. మీరు నిద్రలో పోతాడన్నారు. వారం నుంచి పెద్దాయనకి నిద్రే లేదు మేడమ్. నొప్పి మందు ఇప్పుడు పనిచేయడం లేదు. మీకు తెలియనివ్వకుండా షెడ్డులో సూది వేయించడం నావల్ల కాదు. ఇల్లు మారితే మన నియమం ఉండదు కదా అని మీ అక్కగారికి ఫోన్ చేశాను."

"అని ఇద్దరూ నాటకం ఆడారు."

"అది ఆడటమా?" అన్నాడు బావ. "పొద్దున నన్ను కూర్చోబెట్టి, కుక్కలంటే నాకు ప్రాణమని చెప్పమంది మీ అక్క. నువ్వు నా మొహం చూసి నవ్వుతావని నేనే కారు దగ్గరికి పోయా."

సర్వేయరు పెరటి గోడ పక్కన, మట్టి కాస్త కుంగిన చోటికి వెళ్ళి నిలబడింది. ఆమెకి బావ మీద ఉన్న అనుమానం పోయింది. దాని బదులు ఏం పెట్టుకోవాలో తెలియలేదు. అక్క మీద కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కువసేపు అక్క మీద నిలవలేదు. తడిగుడ్డని నాకని నోరు గుర్తొచ్చింది. గొణుగుడు పోయినట్టు, అని తను ఎన్నిసార్లు అందో గుర్తొచ్చింది. అన్న ప్రతిసారీ కాంపౌండరు తల వంచుకున్నాడు. అది ఆమె చూసింది. చూసి, దొంగతనం ఏదైనా ఉందేమోనని మందుల పెట్టె వెతికింది.

ఆమె తిరిగి వచ్చింది. "ఇల్లు పనికిరాదు," అంది.

"ఏమే, ఇంకా పంతమేనా?" అక్క లేచింది. "నా మీద కోపం ఆ నోరులేనిదాని మీద చూపిస్తావా?"

"పంతం కాదక్కా. కారెక్కించి, ఇంత దూరం తీసుకొచ్చి, మెట్లెక్కించి సూది వేయించక్కర్లేదు. అది ఉన్నచోటే ఉంటుంది." ఫోన్ తీసి డాక్టరుకి చేసింది. సాయంత్రం షెడ్డుకి రాగలరా అని అడిగింది. ఎందుకో చెప్పింది. అవతల డాక్టరు ఏదో అన్నాడు. "అవును, నేనే అడుగుతున్నా," అంది. ఫోన్ పెట్టేసి, "నువ్వూ రా," అంది అక్కతో.

"నేనెందుకే?"

"ఎలా పట్టుకోవాలో నీకు తెలుసు. నాకు తెలియదు."

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే డాక్టరు వచ్చాడు. మిగతా కుక్కల్ని టైలరమ్మ అవతలి గదిలోకి తోలి తలుపు వేసింది.

"నియమం ఏమైందే అమ్మాయ్?"

"అది పెట్టినప్పుడు నాకు తెలియని సంగతి ఒకటుంది పిన్నీ."

"నీకు తెలియని సంగతి కూడా ఉందా?" అంది టైలరమ్మ. ఆమె మొహం చూసి, దుప్పటి తెచ్చి ఇచ్చింది.

సర్వేయరు డాక్టరు సంచిలోంచి తీసిన సీసాని చేతిలోకి తీసుకుని, దాని మీద రాసింది చదివింది. గడువు ఎప్పటిదాకా ఉందో చూసింది. మొదట నిద్రమందా అని అడిగింది. అవునన్నాడు. అది పూర్తిగా పట్టిందని ఎలా తెలుస్తుందని అడిగింది. డాక్టరు చెప్పాడు. ఆమె అడిగినవాటికన్నిటికీ నిలబడి చెప్పాడు.

పెద్దాయన తల ఆమె ఒళ్ళో పెట్టుకుంది. అక్క పక్కన కూర్చుని, "అలా గట్టిగా కాదు, చెవి కింద చెయ్యి పెట్టు," అంది. ఆమె చెయ్యి జరిపింది. మొదటి సూది వేశాక కుక్క కళ్ళు మూసుకుంది. మెడ బరువు ఆమె అరచేతిలోకి దిగింది. ఆమె డాక్టరు చెప్పినట్టు కాలివేళ్ళ మధ్య నొక్కి చూసింది. కాలు కదల్లేదు. అప్పుడు తలూపింది.

అంతా అయిపోయిందని డాక్టరు చెప్పాక కూడా ఆమె స్టెతస్కోపు అడిగి తీసుకుంది. పక్కటెముకల మీద ఒకచోట, ఇంకోచోట పెట్టి విన్నది. తీసి ఇచ్చేసింది.

"నన్ను రేపటి నుంచి రావద్దంటే రాను మేడమ్," అన్నాడు కాంపౌండరు.

"రేపు పొద్దున ఆ గోధుమరంగు కుక్కకి కట్టు ఎవరు మారుస్తారు?"

అతను మందుల పెట్టె మూసి పక్కన పెట్టాడు.

"కానీ ఇకమీదట మీరు ఏం చెప్పినా నేను రెండోసారి అడుగుతా."

"ఇప్పుడూ అంతేగా మేడమ్."

షెడ్డు వెనక తవ్వడానికి బావ గడ్డపార తీసుకొస్తానని ఫోన్ చేశాడు. డాక్టరుని పంపడానికి కాంపౌండరు గేటు దాకా వెళ్ళాడు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరే ఉన్నారు. సర్వేయరు దుప్పటి అంచు సరిచేసింది.

"అక్కా, అప్పుడు గొణుగుడు ఏమైనా అందా?"

"అంది. మొదటి సూదప్పుడు గొణిగింది, నీ గుమ్మంలోకి ఎవరో వచ్చినట్టు. నేను మాట్లాడుతూ ఉన్నా. కాసేపటికి ఆపేసింది."

"ఏం మాట్లాడావు?"

"నువ్వు వస్తున్నావని చెప్పా."

సర్వేయరు అక్క మొహం చూసింది. అక్క చేతులు కడుక్కోవడానికి అవతలికి వెళ్ళింది. సర్వేయరు లేచి గేటు దగ్గరికి నడిచింది. డాక్టరు కారు మలుపు తిరుగుతోంది. కాంపౌండరు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"గొణుగుడు అప్పుడు ఏమైనా శబ్దం చేసిందా?" అని అడిగింది.

"చేసిందండీ. ఏదో గొణిగింది. మీ అక్కగారు దాని చెవిలో చెప్తూనే ఉన్నారు, మీరు వచ్చేస్తున్నారని." అతను ఆగాడు. "ఎందుకు మేడమ్?"

"ఏం లేదు," అంది ఆమె. గేటు చువ్వ పట్టుకుని అక్కడే నిలబడింది. బావ కారులో వచ్చి, అద్దంలో చూసుకోకుండా బండి వెనక్కి తీస్తున్నాడు. ఆమె కారు వెనకవైపుకి వెళ్ళి చెయ్యి ఊపుతూ, రావచ్చు రావచ్చు అని దారి చూపించింది.